పదిహేడో అంతస్తు లిఫ్టులో నాన్న సంతకం

ఒక్క నిమిషం ఆగండి, చేతిలో పని పక్కన పెట్టి ఇది వినండి. ఆరింటికి మా రైలు, నాకు అప్పటి వరకే టైముంది.

మా నాన్న లిఫ్టు మెకానిక్. చప్పుడు విని జబ్బేంటో చెప్పేస్తాడని తోటివాళ్లు ఆయన్ని చెవిమేస్త్రి అంటారు. ఇరవై రెండేళ్ల సర్వీసులో మమ్మల్ని ఎక్కడికీ తిప్పింది లేదు. ఈసారి కంపెనీవాళ్లే, తాము లిఫ్టులు చూసుకునే ఒక హోటల్లో శని, ఆదివారాలకు గది ఇప్పించారు, అదీ నాలుగు గంటల దూరంలోని మహానగరంలో. నాన్నతో సహా మేమెవరం అంతకుముందు ఆ ఊరు చూడలేదు. అమ్మ వారం ముందే బ్యాగులు సర్దేసి, రోజుకోసారి విప్పి మళ్లీ సర్దింది.

నిన్న పొద్దున దిగాం. మనుషుల మీద మనుషులు, రోడ్డంతా స్కూటర్లు, నెత్తిమీద నుంచి వెళ్లే రైళ్లు, తడిగుడ్డలా ఒంటికి అతుక్కునే ఉక్క. పదేళ్ల మా చెల్లిని ఇంట్లో పిడుగు అంటాం, అది మేడలు చూస్తూ నడిచి ఇద్దర్ని గుద్దేసింది.

గది పదిహేడో అంతస్తులో. లిఫ్టు కదలగానే నాన్న తల పక్కకు వంచి చప్పుడు వినసాగాడు. తలుపులు తెరుచుకునేసరికి లిఫ్టు గచ్చు కంటే బెత్తెడు కిందికి జారి ఆగింది.

"మళ్లీ మొదలెట్టారా? ఆ చెవులు ఇంట్లో పెట్టి రమ్మన్నాను కదండీ," అంది అమ్మ.

"బ్రేకు అరిగిపోయిందే. బరువు పడితే జారుతుంది."

"మీరు చుట్టపు చూపుగా వచ్చారు. అది గుర్తుంచుకోండి చాలు."

టిఫినుకు దిగుతుంటే పిడుగు లిఫ్టు గోడకున్న తనిఖీ కార్డు మీద వేలు పెట్టింది. "నాన్నా, నీ సంతకం. కింద రెండు చుక్కలు కూడా ఉన్నాయి చూడు."

ఉన్నాయి. బ్రేకు, తాళ్లు, తలుపులు అన్నీ సరిగ్గా ఉన్నాయని ఇరవై రోజుల కిందటి తారీకు వేసి ఉంది. నేను సరదాకి ఫోటో తీశాను. నవ్వుతూ నాన్న వైపు తిరిగితే ఆయన మొహంలో నెత్తురుచుక్క లేదు.

టిఫిను దగ్గర అమ్మ గుచ్చి గుచ్చి అడిగింది.

"కంపెనీలో లైసెన్సు ఇద్దరికే ఉంది, నాకూ ఇంకొకాయనకీ. నెల మొదట్లో ఖాళీ కార్డుల కట్ట తెస్తారు, సంతకాలు పెట్టేస్తాను. ఎవరో ఒకరు వెళ్లి చూసి మిగతాది నింపుతారనుకున్నాను," అన్నాడు నాన్న.

"అనుకున్నారా, అడిగారా?"

"అడగలేదు."

ప్లేటు వదిలేసి మేనేజరు దగ్గరికి వెళ్లి, లిఫ్టు ఆపేయమన్నాడు. మేనేజరు నవ్వాడు. "మీ కంపెనీ మెకానిక్కే బాగుందని సంతకం పెట్టాడండీ. ఆయన కంటే మీకెక్కువ తెలుసా?"

ఆ సంతకం తనదేనని చెప్పకుండానే నాన్న మెట్ల వైపు నడిచాడు. ఆ రోజంతా మేం పదిహేడంతస్తులూ మెట్లెక్కి దిగాం. మిగతావాళ్లు లిఫ్టెక్కారు.

ఈ పొద్దున పదింటికి మా అంతస్తులోనే కేక వినపడింది. మా గది ఊడ్చే ఆవిడ, నిన్న పిడుగుకి రెండు సబ్బులు ఎక్కువిచ్చి "మీ నాన్నకు చెప్పకు, బిల్లేస్తారు" అని ఆటపట్టించిన ఆవిడ, తడి దుప్పట్ల బండి లిఫ్టులోకి తోస్తోంది. బండి బరువుకు తలుపులు తెరిచి ఉండగానే లిఫ్టు జారింది. ఆవిడ కాలు గచ్చుకీ లిఫ్టుకీ మధ్య ఇరుక్కుంది. నాన్న పైకి పరిగెత్తి, మేడ మీదున్న మెషిన్ గదిలో చక్రం చేత్తో తిప్పి లిఫ్టుని లేపాడు. ఆవిణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్లారు. మోకాలి కింద కాలు దక్కదన్నారట.

అందరూ నాన్నకు మంచినీళ్లిచ్చారు. మేనేజరు దండం పెట్టాడు. ఆ వెంటనే, "బండిలో మోతాదుకు మించి వేసింది, తప్పు ఆవిడదే, లిఫ్టుకు కార్డుంది" అని ఎవరికో ఫోన్లో చెప్పాడు.

ఆవిడ అక్క అక్కడే వంటగదిలో పనిచేస్తుంది. "ఆ సంతకం పెట్టినాయన్ని ఒక్కసారి చూపించండి. తిట్టను, కొట్టను. నిజంగా చూశావా అయ్యా అని అడుగుతా, అంతే," అంది. గ్రీసు చేతులతో నాన్న ఆమెకు రెండడుగుల దూరంలో నిలబడి ఉన్నాడు.

గదిలోకొచ్చి అరగంట చేతులు కడిగాడు.

"చెబితే లైసెన్సు పోతుంది, జైలు కూడా. వీళ్ల చదువులేం కాను?" అని అమ్మ బ్యాగు జిప్పు లాగుతూనే ఉంది, అది ఎప్పుడో మూసుకుపోయినా.

నాన్న నాతో అన్నాడు, "నాకు నోరు రావట్లేదే. నువ్వు చెబితే మాత్రం కాదనను."

మూడింటికి లిఫ్టు మళ్లీ నడిపించారు. అదే బ్రేకు, అదే కార్డు.

ఇప్పుడు అయిదుంపావు. కింద సోఫాలో కూర్చున్నాను. ఫోన్లో కార్డు ఫోటో ఉంది. అదే తారీకున జ్వరంతో ఇంట్లో ముసుగుతన్ని పడుకున్న నాన్న నోట్లో పిడుగు థర్మామీటరు పెడుతున్న ఫోటో కూడా ఉంది. నాన్న ఆ రోజు లిఫ్టు చూడనే లేదని చెప్పడానికి ఆ రెండూ చాలు. సోఫాకి ఆ చివర ఆవిడ అక్క, ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిన బట్టల సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఇందాకే నన్ను గుర్తుపట్టింది.

"మా చెల్లిని బయటికి లాగింది మీ నాన్నే కదమ్మా. ఆయన చల్లగా ఉండాలి."

లిఫ్టు గంట మోగింది. ఎవరో తల్లీ పిల్లలూ ఎక్కుతున్నారు. మెట్ల మీద నుంచి మావాళ్ల బ్యాగుల చక్రాల చప్పుడు దగ్గరికొస్తోంది.

నా చోట మీరుంటే ఏం చేస్తారు?