రెండు విజిళ్లు

ఆపరేషను గది దుప్పటికి నాలుగో మాసిక వేస్తోంది దారాలమ్మ. కాళ్లు మిషను తొక్కుతున్నాయి, చేతులు గుడ్డను నడిపిస్తున్నాయి, కళ్లు మాత్రం నేల మీద ఉన్నాయి. కిటికీలోంచి పడిన ఎండ పొద్దుటి నుంచీ గచ్చు పలకలు ఒక్కొక్కటే దాటుకుంటూ వస్తోంది. మూడో పలక అంచు తాకితే పదకొండు. ఇంకా నాలుగు వేళ్ల దూరముంది. ఎండకు ఇంత బద్ధకం ఉంటుందని ఆమెకు ఇవాళే తెలిసింది.

కుట్టు చివరికొచ్చాక మిషను పాదం ఎత్తి, గుడ్డ లాగి, దారాన్ని పైకి విదిలించి పుటుక్కున తెంపింది. ముప్పై ఒక్కేళ్లుగా ప్రతి కుట్టు చివరా ఆ చెయ్యి అలా పైకి లేస్తూనే ఉంది. నిద్రలో కూడా లేస్తుందని వాళ్ల వదిన నలుగురిలో చెప్పి నవ్వుతుంది.

ఆమెకో పేరుంది, ఆసుపత్రి రిజిస్టరులో. దాంతో పిలిచేవాళ్లే లేరు. ఒంటి మీద ఎప్పుడు చూసినా రెండు మూడు పోగులు అంటుకుని ఉంటాయి కాబట్టి దారాలమ్మ అయిపోయింది. పీలగా, పొట్టిగా ఉంటుంది. మిషను మీదికి వంగీ వంగీ ఎడమ భుజం కాస్త జారింది. సూది పోట్లకు చూపుడువేలి కొస మొద్దుబారింది. ఉతికొచ్చిన దుప్పట్లు, దిండు గలీబులు, డాక్టర్ల ఆకుపచ్చ గౌన్లు, చిరిగినవన్నీ ఆమె బల్ల మీదికే వస్తాయి. బాగుచేసి పంపుతుంది. వాటి మీద ఎవరు పడుకున్నారో, ఎవరు లేచి ఇంటికి వెళ్లారో ఆమె ఎన్నడూ చూడలేదు.

ఎండ మూడో పలక తాకింది. దారాలమ్మ లేచి, మిషనుకు ముసుగు వేసి, మేట్రన్ గదిలోకి వెళ్లింది.

"మధ్యాహ్నం నుంచి సెలవు కావాలమ్మా."

మేట్రన్ కలం కింద పెట్టింది. "నీకా? సెలవా? ఇంట్లో ఎవరికైనా బాగోలేదా?"

"అందరూ బాగున్నారమ్మా. ఎండ కాస్తోంది."

"కాస్తే?"

"బురద వెచ్చబడుతుంది."

మేట్రన్ ఏమనుకుందో ఏమో, కాగితం లాక్కుని సంతకం పెట్టేసింది. "వెళ్లు తల్లీ, వెళ్లు. మళ్లీ మనసు మార్చుకోకముందే వెళ్లు."

దారాలమ్మ మెట్లు దిగలేదు, దూకింది. యాభై నాలుగేళ్ల మనిషి బడి ఎగ్గొట్టిన పిల్లలా గేటు దాటుతుంటే వాచ్‌మన్ లేచి నిలబడి చూశాడు.

ఇంతకీ ఆ బురద సంగతేమిటో చెప్పాలి. చలికాలం చివరి రోజుల్లో సముద్రపు పాయల్లో నీళ్లు పొద్దున్నే చేతులు కొరికేస్తాయి. పండుగప్పలు లోతుల్లో ముడుచుకుని పడుకుంటాయి, ముక్కు ముందు రొయ్య ఆడినా నోరు తెరవవు. కానీ మూడు రోజులు వరసగా ఎండ కాసి, గాలి పడిపోయి, మధ్యాహ్నం పూట పోటు ఎక్కిందా, ఎండకు కాగిన నల్ల బురద మీదికి నీళ్లు పాకుతాయి. ఆ వెచ్చదనం వెతుక్కుంటూ రొయ్యలొస్తాయి, రొయ్యల వెనకాల పెద్దచేపలొస్తాయి. అదంతా రెండు గంటల ముచ్చట. దారాలమ్మకు వారంలో సెలవు బుధవారం ఒక్కటే. తక్కిన రోజుల్లో డ్యూటీకి ముందు, తెల్లవారుజామున గాలం వేసి, వట్టి చేతులతో వచ్చి మిషను ఎక్కేది. ఎండ ఉన్న బుధవారం గాలి ఉండేది, గాలి ఆగిన బుధవారం పోటు ఉండేది కాదు. ఒకటుంటే ఇంకోటి లేక పదకొండు చలికాలాలు గడిచిపోయాయి. పనిరోజున సెలవు పెట్టొచ్చు కదా అన్న ఆలోచన ఆమెకు తట్టనేలేదు.

తట్టింది వదినకు. నిన్న అన్నం తింటూ అంది. "డాక్టరు పై వారం వచ్చి పడుకోమన్నాడు. గుండె సగమే పనిచేస్తోందట. సగం గుండెకి సగం టికెట్టు కొడతావా అని అడిగా, నవ్వడే! సరే, నీ మాసికల దుప్పట్ల మీద ఎలాగూ పడుకుంటాను. ఈలోగా రేపు సెలవు పెట్టి ఒక్కసారి దాని మొహం చూపించవే."

'అది' అంటే ఏదో ఆ ఇంట్లో వేరే చెప్పక్కర్లేదు. పదకొండేళ్ల కిందట, వదిన ఉద్యోగం చాలించిన చలికాలంలో, పాయ మలుపు దగ్గర ఓ పండుగప్ప దారాలమ్మ ఎరను పట్టింది. సముద్రపు చేపకు ఈకల ఎర వేసినప్పుడు గాలం కర్ర ఎత్తకూడదు. కర్రను నీటి మీదికి వంచే ఉంచి, ఎడమచేత్తో దారాన్ని తిన్నగా వెనక్కి గుంజాలి, అప్పుడే ముల్లు గట్టి దవడలో దిగుతుంది. ఇదంతా తెలిసి కూడా, దారం బిగిసిన మరుక్షణం కుట్టుమిషను చెయ్యి తన అలవాటు ప్రకారం పైకి లేచింది. ముల్లు ఊడిపోయింది. పలకంత వెడల్పు వీపు ఒకటి నీళ్లలో తిరగబడి వెళ్లిపోయింది. వదిన గట్టు మీద కూలబడి, "దాని మొహమైనా చూడలేదే!" అని ఏడ్చినంత పని చేసింది.

వదిన బస్సు కండక్టరు. దారాలమ్మకు పద్నాలుగేళ్లప్పుడు అన్నయ్యకు భార్యగా ఆ ఇంటికొచ్చింది. ఏడాది తిరక్కుండా ఆడపడుచుకి గాలం వేయడం నేర్పింది. తన బస్సు పాత సీటు చెక్కతో చేప బొమ్మ చెక్కి, దానికి బస్సు రంగే పూసి, అదే ఎరగా వాడేది. ఆసుపత్రిలో మిషను పని ఇప్పించిందీ ఆవిడే. అన్నయ్య పోయాక ఇద్దరూ ఆ రెండు గదుల ఇంట్లోనే ఉండిపోయారు. దారాలమ్మకు పెళ్లి మాటలు రెండుసార్లు వచ్చి, రెండుసార్లూ వాటంతట అవే వెళ్లిపోయాయి. ఆమె పెద్దగా చింతించలేదు. వదిన గొంతు ఇంట్లో ఉంటే నలుగురున్నట్టే ఉండేది.

బస్టాపులో వదిన అప్పటికే సిద్ధంగా ఉంది. నల్ల కళ్లద్దాలు, మెడలో ఉద్యోగం నాటి విజిలు, ఒళ్లో ఫ్లాస్కు, కింద మడత కుర్చీ.

"ఎంతసేపటి నుంచి ఉన్నావ్ వదినా?"

"పది నుంచి. నీకు సెలవివ్వకపోతే మేట్రన్‌తో పోట్లాడదామని ఓపిక కూడబెట్టుకుంటున్నా."

వచ్చిన బస్సు కండక్టరు ఒకప్పుడు వదిన దగ్గర పని నేర్చుకున్నవాడే, ఇప్పుడు తల నెరిసింది. ఆవిడను చూడగానే కుర్చీ అందుకుని లోపల పెట్టాడు. విజిలు నోట పెట్టుకుని అటూ ఇటూ చూస్తుంటే వదిన కసిరింది.

"ఏరా, ముహూర్తం చూస్తున్నావా? ఒకటి కొడితే ఆగాలి, రెండు కొడితే పోవాలి. ఇంకా నేర్పాలా నీకు?"

బస్సంతా నవ్వింది. కండక్టరు నవ్వుతూనే రెండు కొట్టాడు.

పాయ గట్టు మీద దిగేసరికి గాలి లేదు. రెల్లు కదలడం లేదు. నల్ల బురద మీద పోటు నీళ్లు పల్చగా, చప్పుడు లేకుండా ఎక్కుతున్నాయి. దారాలమ్మ వంగి చెయ్యి ముంచింది. వెచ్చగా ఉంది! నిజంగానే వెచ్చగా ఉంది!

"వదినా, స్నానానికి తోడినట్టున్నాయి!"

"అయితే ఇంకా వాగుతావేం, దిగు."

తొడల దాకా రబ్బరు బూట్లు తొడిగి, దారం చిక్కుపడకుండా నడుముకు గుడ్డసంచి కట్టుకుని దిగింది. ఎర తనే కట్టింది. డాక్టర్ల గౌన్ల నుంచి రాలిన ఆకుపచ్చ పోగులు, ఒక తెల్ల ఈక, కళ్లకు రెండు గాజుపూసలు. నీళ్లలో పడితే అచ్చం రొయ్యపిల్ల. వదిన గట్టు మీద కుర్చీ వేయించుకుని కూర్చుంది. నీళ్లలో దిగొద్దని డాక్టరు చెప్పాక వాళ్లు పెట్టుకున్న ఏర్పాటిది. దిగినవాళ్లకు నీటి మెరుపులో ఏమీ కనబడదు, ఎత్తు మీది వాళ్లకు చేప నీడ కనబడుతుంది. వదిన చూసి విజిలు వేస్తుంది. ఒకటి వేస్తే ఎర ఆపాలి, కదలకూడదు. రెండు వేస్తే లాగాలి.

"ఇదిగో, ఈసారి కర్ర ఎత్తావంటే నీకూ నాకూ మాటల్లేవ్," అంది వదిన, టీ పోసుకుంటూ.

కర్ర వెనక్కీ ముందుకీ రెండుసార్లు ఊపి ఎర వదిలింది దారాలమ్మ. దారం గాలిలో సాగి మలుపు దగ్గర పడింది. పది అంకెలు లెక్కపెట్టి జానెడు లాగింది. మళ్లీ పది, మళ్లీ జానెడు. చలికాలపు చేప దగ్గర తొందర పనికిరాదు. కానీ ఆమె గుండె మాత్రం పదికి ముప్పై కొడుతోంది. మోకాళ్ల పక్క నుంచి చిన్న రొయ్యలు చిటపటా ఎగిరాయి. దూరంగా నీళ్లు ఒక్కసారి ఉబ్బి సర్దుకున్నాయి.

"వచ్చాయే! వచ్చాయి!" వదిన గొంతు పగిలిపోతోంది. "ఎడమకి! బస్సు తలుపంత ఎడమకి!"

వేసింది. ఏమీ లేదు. మళ్లీ వేసింది. ఓ చిన్నది తగిలి, గిలగిలా కొట్టుకుని ఊడిపోయింది. వదిన పకపకా నవ్వింది. ఇద్దరూ నవ్వారు. ఇన్నేళ్లలో దారాలమ్మకు అంత సంతోషం కలిగిన మధ్యాహ్నం ఇంకోటి లేదు, ఆ మాట తనకే అప్పుడే తెలిసింది.

మూడు దాటింది. నీళ్లు బూట్ల అంచు దగ్గరికొచ్చాయి. ఈసారి ఎర రెల్లు దుబ్బు అంచున, సూది మొన మీద పెట్టినట్టు పడింది. పది లెక్కపెట్టి జానెడు లాగింది.

గట్టు మీద నుంచి విజిలు. ఒకటి. గట్టిగా, పొడుగ్గా.

దారాలమ్మ ఆగిపోయింది. వదిన చూసింది! అదే అయ్యుంటుంది, లేకపోతే అంత పొడుగ్గా వేయదు. ఊపిరి బిగబట్టింది. ఎర బురద మీద కూర్చుని ఉంటుంది, అది దగ్గరికొచ్చి వాసన చూస్తూ ఉంటుంది. పది అయింది. ఇరవై అయింది. రెండో సైగ రాలేదు. తల తిప్పి చూడాలనిపించింది, కానీ తల తిప్పితే భుజం కదులుతుంది, భుజం కదిలితే దారం కదులుతుంది. వదిన ఆగమంది, ఆగాలి. ముప్పై. కుడిచెయ్యి పైకి లేద్దామని తహతహలాడుతోంది. ఆగమంది కదే, ఆగు. నలభై.

దారం మెల్లగా, గుడ్డ మడతలో సూది చిక్కుకున్నట్టు, బిగుసుకుంది.

ఇక విజిలు కోసం చూడలేదు. కర్ర కిందే ఉంది. ఎడమచెయ్యి దారాన్ని పట్టుకుని తుంటి దాటేదాకా వెనక్కి గుంజింది. నీళ్లు పేలాయి. ఒక వెండి గోడ లేచి, తల విదిల్చి, దబ్బున పడింది.

"వదినా! ఎత్తలేదు! చూశావా, ఎత్తలేదే!"

సంచిలోని దారమంతా రయ్యిన పోయింది. రీలు గిర్రున తిరిగింది. అది పాయ నడిమికి పోతే ఈమె ఒడ్డు వెంట పరుగెత్తింది, బురదలో ఒక బూటు దిగబడితే కాలు ఊడదీసుకుని వట్టి కాలితో పరుగెత్తింది. అరుస్తూనే ఉంది, నవ్వుతూనే ఉంది. గట్టు మీద నుంచి మాట లేదు. ఆనందానికి వదినకు కూడా నోరు పడిపోయిందనుకుంది. పావుగంటకు అది పక్కకు ఒరిగింది. పొట్ట కింద చెయ్యి పెట్టి ఎత్తితే పసిపిల్లంత బరువు. గూని వీపు, పెద్ద నోరు, ఎండకు ఎర్రగా మెరిసే కన్ను.

రెండు చేతులా పట్టుకుని గట్టెక్కింది. "ఇదిగో వదినా, దీని మొహం. కరువుతీరా చూడు."

వదిన చూస్తూనే ఉంది. కళ్లద్దాలు రెల్లు దుబ్బు వైపే తిరిగి ఉన్నాయి. మెడ కాస్త ముందుకు సాగి ఉంది, ఏదో కనబడితే సాగినట్టు. విజిలు పెదాల నుంచి జారి ఒళ్లో పడి ఉంది.

"వదినా."

చేప చేతుల్లో నోరు తెరిచి మూస్తోంది. దారాలమ్మ రెండోసారి పిలవలేదు. వెనక్కి తిరిగి నీళ్లలోకి దిగింది, ముల్లు తీసింది, చేపను నీళ్లలో పట్టుకుని నిలబడింది. తోక ఒకసారి కదిలింది, రెండోసారి గట్టిగా కొట్టి వెళ్లిపోయింది. అప్పుడు చేతులు ఖాళీ అయ్యాయి. ఆమె గట్టెక్కి, వదిన అద్దాలు తీసి, కళ్లు మూసి, ఆ ఒళ్లో తల పెట్టుకుని బావురుమంది.

"చూశావు కదా? చూశాకే కదా వేశావు?" అని అడుగుతూనే ఉంది.

నాలుగున్నరకు అదే బస్సు తిరిగొచ్చింది. దారాలమ్మ ఒక కాలికి బూటుతో రోడ్డు మధ్య నిలబడింది. కండక్టరు దిగి చూసి, డ్రైవరును పిలిచాడు. అతనూ డ్రైవరూ కలిసి వదినను మోసుకొచ్చి, పొడుగు సీటు మీద పడుకోబెట్టారు. ప్రయాణికులు లేచి వెనక్కి వెళ్లి నిలబడ్డారు. దారాలమ్మ కింద కూర్చుని వదిన చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి కింద, సీటు గుడ్డకు చిన్న చిరుగుంది. ఆమె వేలు తెలియకుండానే దాని అంచులు దగ్గరికి నొక్కుతోంది.

కండక్టరు విజిలు నోట్లో పెట్టుకున్నాడు. చెంపలు ఉబ్బాయి, ఊపిరి రాలేదు. తీసి, చొక్కాతో తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. బస్సు ఆగే ఉంది.

దారాలమ్మ వదిన మెడలోని విజిలును నోటికి అందుకుంది. పొడుగ్గా రెండుసార్లు ఊదింది.

బస్సు కదిలింది. గట్టు మీది మడత కుర్చీ ఎవరికీ గుర్తు రాలేదు. అది పాయ మలుపు వైపు తిరిగి అలాగే ఉంది, దాని చేతి మీద ఫ్లాస్కు మూత, మూతలో సగం తాగిన టీ.