బావ విన్న చప్పుడు

పొద్దుటికి మా అక్క పొట్ట కుండలా ఉబ్బింది. వాంతులు ఆగలేదు.

"గ్యాసే! వేడినీళ్లు తాగితే పోతుంది," అని బావ తేల్చేశాడు. బావ దృష్టిలో కాలు విరిగినా గ్యాసే. నేను ఆయన మాట వినకుండా అక్కను ఆసుపత్రికి తీసుకెళ్లాను.

డాక్టరమ్మ స్కానింగు చూసింది. "పాత ఆపరేషన్ దగ్గర పేగు అతుక్కుని మూసుకుపోయింది. ముక్కులోంచి గొట్టం వేసి చూద్దాం. కింద నుంచి గాలి పోతే కోత తప్పొచ్చు," అంది. రక్తం కూడా తీయించింది. పేగుకు రక్తం అందకపోతే లాక్టేట్ అనేది పెరుగుతుందట. "ఇప్పటికైతే బాగానే ఉంది. మధ్యాహ్నం మళ్లీ చూస్తాను."

ఇక వార్డంతా అక్క గాలి కోసం ఎదురుచూపులే. మొగుడి ముందు ఆవలించడానికే సిగ్గుపడే మనిషిని, నర్సు మాటిమాటికీ వచ్చి "పోయిందా పెద్దమ్మా?" అని గొంతెత్తి అడిగేది. పక్క మంచాలవాళ్లు చెవులు రిక్కించేవాళ్లు.

రెండోసారి రక్తం తీశాక అక్క, "పోయింది," అంది.

"ఎప్పుడే? నేనిక్కడే ఉన్నాగా!" అన్నాను.

అక్క బావ మోచేయి గిల్లింది.

"నేను విన్నాను!" అన్నాడు బావ. ఆయన చెవి పక్కన టపాకాయ పేల్చినా "ఎవరైనా పిలిచారా?" అనే రకం.

అయినా వార్డంతా సంబరపడింది. బావ సంచి కూడా సర్దేశాడు.

ఇంతలో డాక్టరమ్మ వచ్చి పొట్ట నొక్కింది. అక్క పళ్లు బిగబట్టింది.

"గాలి సంగతేమో గానీ లాక్టేట్ బాగా పెరిగింది. పేగు చచ్చిపోకముందే ఆపరేషన్ చేయాలి."

"ఆయన విన్నారుగా!" అంది అక్క.

నేను బావ చెవిలో అరిచాను. "నా మీద ఒట్టేసి చెప్పు బావా, విన్నావా?"

బావ సంచి కింద పెట్టాడు. "ఇది గిల్లితే అలా అనాలని ముందే అనుకున్నామమ్మా."

అక్క ఏడ్చింది. "కోస్తే మళ్లీ లేస్తానో లేదోనే..."

"కోయకపోతే అసలు లేవవు. ఊఁ అను," అన్నాను.

ఊఁ అంది.

కోసి చూస్తే పేగు అప్పటికే ఊదారంగుకు తిరిగిందట. అతుకు విడదీసి వేడి గుడ్డ కప్పితే మళ్లీ ఎర్రబడిందట. ముక్క కూడా కోయలేదు.

కొన్నాళ్లకు, వార్డులో అందరూ భోజనాలు చేస్తుండగా, అక్క మంచం మీంచి బూర ఊదినట్టు పెద్ద చప్పుడు వచ్చింది. గరిటెలు ఆగిపోయాయి. అక్క దుప్పటి ముఖం మీదకు లాక్కుంది.

బావ చుట్టూ చూసి, "ఎవరైనా పిలిచారా?" అన్నాడు.