నిలబడ్డ బండి మీద రెంజల్ దారి

సంజన బండికి నడుమ స్టాండు లేదు. చైనుకు నూనె పెట్టాలంటే ఒకరు బండిని ముందుకు తోస్తుంటే ఇంకొకరు వంగి వెంట నడవాలి. అందుకే వెనక చక్రాన్ని లేపి నిలబెట్టే ప్యాడాక్ స్టాండు కొన్నది. తీరా చూస్తే దాని కొక్కేలు తగిలించడానికి బండికి ఏమీ లేదు.

ఆదివారం పొద్దున్నే నిజామాబాద్ నుంచి బోధన్‌లోని మేనత్త ఈరవ్వ ఇంటికి వచ్చింది. ఈరవ్వ పెనిమిటి లింబయ్య ఇంటిముందు రేకుల షెడ్డులో చెరుకు ట్రాలీలకు వెల్డింగ్ చేస్తాడు.

"మామా, గీ స్వింగార్మ్‌కు రెండు దిక్కుల నట్లు అతికియ్యాలె. వాటికి గివి బిగిస్తే స్టాండు కొక్కేలు తగుల్తయి," అని రెండు బాబిన్లు చూపించింది. కుట్టుమిషన్ బాబిన్ల లెక్కనే నడుమ సన్నగా, అంచులు వెడల్పుగా ఉన్నాయవి.

వెనక చక్రాన్ని పట్టుకున్న ఆ ఇనుప చేతిని లింబయ్య తట్టి చూశాడు. "ఇనుమే, అతుకుతది. ముందుగాల బ్యాటరీ తీగ ఊడదీయి బిడ్డా."

రంగు గీకి, దారంతో కొలిచి, రెండు నట్లూ అతికించాడు. మంచు ఇంకా విడవలేదు. తెల్లటి ఆ మసకలో వెల్డింగ్ వెలుగు నీలంగా పూసి ఆరిపోయింది. చల్లారినాక బాబిన్లు బిగించి స్టాండుతో లేపితే బండి ఎడమకు ఒరిగింది.

"ఒకటి కిందికి వడ్డది," అన్నాడు లింబయ్య. గ్రైండరుతో దాన్ని కోసేసి మళ్లీ అతికించాడు. ఈసారి హ్యాండిల్ పట్టుకోమని ఈరవ్వను పిలిచారు. సంజన స్టాండును కిందికి నొక్కింది. వెనక చక్రం మెల్లగా నేల విడిచింది. బండి నిటారుగా నిలబడింది.

"ఎక్కి కూసో అత్తా. కదలది," అన్నది సంజన, ముందు బ్రేకును తాడుతో కట్టేస్తూ.

"నేనా? హ్యాండిల్ దిక్కా?"

ఈరవ్వ సిగ్గుపడుతూనే చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకొని, అటో కాలు ఇటో కాలు వేసి కూర్చుంది. ఇన్నేండ్లూ పెనిమిటి వెనక ఒకపక్కకు తిరిగి కూర్చున్నదే. పుట్టింటికి రెంజల్ పోయినా, పెండ్లికి పోయినా, దారిలో ఎడమ దిక్కే చూసింది.

సంజన చైనుకు నూనె వేస్తూ చక్రాన్ని చేత్తో తిప్పసాగింది. సన్నగా, తేనెటీగల పాటలా చప్పుడు. ఈరవ్వ కండ్లు మూసుకుంది. షెడ్డు గోడ జరిగిపోయినట్టయింది. ఎదురుగా చెరుకు పూత, పొగ రంగులో, రెండు పక్కలా. ఆ పూత మీద నుంచే బండి పోతోంది. కింద కాలువ నీళ్లు ఆకాశాన్ని మోసుకొని పోతున్నాయి. మోకాళ్ల నొప్పి ఎక్కడో వెనకే దిగిపోయింది. ఎవరి వీపూ అడ్డం లేదు. పదేండ్ల పిల్లగా తను గట్టు మీద నిలబడి చెయ్యి ఊపుతోంది. ఈరవ్వ కూడా హ్యాండిల్ మీది చెయ్యి తీసి ఊపింది.

"ఎవలకే?" లింబయ్య నవ్వాడు.

ఆమె కండ్లు తెరవలేదు. "జర ఆగు. రెంజల్ రానియ్యి."

చక్రం ఆగాక కూడా ఆమె చాలాసేపు దిగలేదు. దిగినాక మొఖం కడుక్కొని, మంచి చీర కట్టుకొని వచ్చింది.

"సంజనా, నన్ను నిజంగ తోలుకపోతవా? రెంజల్ల మా చిన్న తమ్ముని ఇంట్ల అన్నం తిని వద్దాం."

"పా అత్తా," అని సంజన బ్యాటరీ తీగ తగిలించి, బ్రేకు తాడు విప్పి, బండిని స్టాండు మీది నుంచి దించింది.

"మరి నాకెవలు వెడ్తరే అన్నం?" అన్నాడు లింబయ్య.

"కుండల ఉన్నది, వెట్టుకో," అని ఈరవ్వ సంజన వెనక అటో కాలు ఇటో కాలు వేసి కూర్చుంది. లింబయ్య ఆమె కొంగు వెనక చక్రానికి తగలకుండా నడుముకు దోపి, పక్కకు జరిగాడు.

మంచు విడుస్తోంది. బండి చెరుకు తోటల నడుమకు తిరిగేదాకా ఈరవ్వ నవ్వు వినిపిస్తూనే ఉంది.