సింధూర పంటి సందు

నా మనవరాలి గడ్డం ఎడమవైపుకు జరుగుతోందని మొదట కనిపెట్టింది కల్పలత. ఆ మాట వినగానే నాకు ఒళ్ళు మండింది. నిజమే అయినా ఆవిడ నోటి నుంచి వినడం నాకిష్టం లేదు.

కల్పలత నా అల్లుడు ఉదయ్ భాస్కర్ రెండో భార్య. నా కూతురు సింధూర జ్వరంతో ఆసుపత్రికి వెళ్ళి తిరిగి రాలేదు. అప్పటికి నీహారికకు నాలుగేళ్ళు. మళ్ళీ పెళ్ళి చేసుకోమని అల్లుడికి చెప్పిందీ నేనే, మారేడ్‌పల్లిలో మా ఇంటి పైవాటాలోనే ఉండమన్నదీ నేనే. చెప్పడానికేం, ఎన్నైనా చెబుతాం. తీరా బోయిన్‌పల్లి నుంచి ఆవిడ వచ్చి మా అమ్మాయి వంటగదిలో పోపు వేస్తుంటే, ఆ వాసనకు కిందింట్లో నాకు ముద్ద దిగేది కాదు. ఆవిడ తప్పేమీ లేదు. తప్పు లేకపోవడం వల్ల నాకు ఇంకా కోపంగా ఉండేది.

ఆరోజు పొద్దున నేను పైకి వెళ్ళేసరికి నీహారికను అద్దం ముందు కూర్చోబెట్టి జడలు వేస్తోంది. పిల్లకు ఎనిమిదో ఏడు నడుస్తోంది.

"పెద్దమ్మా, జెర ఇటు చూడుండ్రి," అంది కల్పలత. "పాపిడి ముక్కుకు సీదా తీసిన. నోరు తెరిస్తే గడ్డం సక్కగనే ఉంటది. పండ్లు కలిపినప్పుడు చూడుండ్రి, ఎడమ దిక్కు పోతాంది."

"పాలపళ్ళు ఇంకా ఊడుతూనే ఉన్నాయి. పెద్ద పళ్ళొస్తే అదే సర్దుకుంటుంది. లేనిపోని వంకలు పెట్టకు," అన్నాను.

"వంక పెడతలేను పెద్దమ్మా," అని మళ్ళీ జడ అల్లడంలో పడింది.

ఆ ఆదివారం నీహారిక నా దగ్గర పప్పన్నం తింటుంటే ఎదురుగా కూర్చుని చూశాను. నోరు మూసుకోబోయే ముందు కింది దవడ కొంచెం తడబడి, ఎడమకు జరిగి, అప్పుడు కుదురుకుంటోంది. ఆ వైపు పై పళ్ళు కింది పళ్ళకు లోపలగా పడుతున్నాయి. ఇన్నాళ్ళూ రోజూ నేనే తినిపించాను. నాకు కనిపించలేదు. మర్నాడు వాళ్ళు పిల్లను పళ్ళ ఆసుపత్రికి తీసుకెళ్తుంటే నేనూ వస్తానన్నాను.

పళ్ళ డాక్టరు పేరు సలోమి. చిన్నపిల్లల పళ్ళు సరిచేయడమే ఆవిడ పని. నీహారిక నోట్లోకి చూసి, మొదటి ప్రశ్నే నన్ను గుచ్చేలా అడిగింది.

"వేలు చీకేదా?"

"మొన్నమొన్నటి దాకా," అన్నాను.

తల్లి పోయిన పిల్ల. పగలూ రాత్రీ బొటనవేలు నోట్లోనే ఉండేది. వేపాకు పసరు రాయమని ఇరుగమ్మా పొరుగమ్మా చెప్పారు. నేను రాయలేదు. తల్లినే దేవుడు లాక్కున్నాడు, వేలు నేనెందుకు లాక్కోవాలి? ఇప్పటికీ అది తప్పని నేను ఒప్పుకోను.

డాక్టరు కూడా తప్పనలేదు. "చేదు రాస్తే పిల్లలు ఇంకా బెదురుకుంటరు అమ్మమ్మగారూ. మెల్లగ మాన్పించే పద్ధతులు వేరే ఉంటయి. కానీ ఏడేండ్లు వచ్చేసరికి ఒక్కసారన్న తెచ్చి చూపించాలె. వేలు చీకితే బుగ్గలు లోపలికి పీల్చుకుంటయి, పై దవడ ఇరుకైతది. కింది దవడ దానిల కుదరక పక్కకు జరిగి మూసుకుంటది. ఇట్లనే వదిలేస్తే ఎముక కూడ ఇట్లనే పెరుగుతది. రేపు మొహమే వంకరైతది."

"పెద్దయ్యాక చేయించకూడదా?"

"అంగిలి రెండు బద్దలమ్మా. ఈ వయసుల నానబెట్టిన శనగగింజ లెక్క ఉంటది, మెల్లగ నెడితే విడతది. పెద్దగయినంక అతుక్కపోతది. అప్పుడు ఆపరేషనే."

వెనక పళ్ళకు రింగులు తొడిగి, అంగిలికి అడ్డంగా ఒక చిన్న ఇనుప పరికరం బిగించింది. దాని మధ్యలో స్క్రూ, స్క్రూకు సూది బెజ్జమంత రంధ్రం. దాంట్లో తీగలాంటి తాళంచెవి పెట్టి రోజుకోసారి ఇంట్లోవాళ్ళే వెనక్కి తిప్పాలట. ఎవరు తిప్పుతారని అడిగింది. అల్లుడు గోడ మీది బొమ్మలు చూడటం మొదలుపెట్టాడు. కూతురి కంట్లో నీళ్ళు చూడలేని మనిషి. నాకా, ఒక కంట్లో శుక్లం, చేతులు నిలవ్వు.

"నేను తిప్పుతా," అంది కల్పలత.

"పిన్ని వద్దు," అంది నీహారిక వెంటనే. ఆ మాటకు నాకు లోపల సంతోషం కలగలేదని చెబితే అబద్ధమే. చివరికి బేరం కుదిరింది. తల అమ్మమ్మ ఒడిలో పెట్టుకుంటే పిన్ని తిప్పవచ్చు.

అలా మా ముగ్గురి పొద్దులు మొదలయ్యాయి. బడి బస్సు రాకముందే కల్పలత పిల్లను తీసుకుని కిందికి వచ్చేది. నీహారిక నా ఒడిలో వెల్లకిలా పడుకుని నోరు తెరిచేది. నేను సెల్‌ఫోన్ లైటు పట్టుకునేదాన్ని. కల్పలత మోకాళ్ళ మీద కూర్చుని తాళంచెవి పెట్టి తిప్పేది. పిల్ల చూపంతా నా మీదే. ముక్కు మొదట్లో లాగుతోందని మూలిగేది. కల్పలత, పిల్ల కళ్ళు తుడుచుకుని లేచేదాకా అక్కడే ఉండేది. బోయిన్‌పల్లి మార్కెట్లో కూరగాయల మండీ నడిపే వాళ్ళ నాన్న పర్వతాలుగారు లేత సొరకాయలు పంపించేవారు. వాటిని మెత్తగా ఉడికించి, మెదిపి, రెండు ముద్దలు తినేదాకా బతిమాలేది. నీహారిక తినేసి తిన్నగా నా దగ్గరికి పరుగెత్తుకొచ్చేది. ఆవిడ ఖాళీ గిన్నె కడుక్కునేది.

ఒకరోజు లైటు వేసి చూద్దును కదా, నా ఒడిలో సింధూర పడుకుని ఉంది.

పై ముందుపళ్ళు రెండూ విడిపోయాయి. వాటి మధ్య సందు. సింధూరకు సరిగ్గా అక్కడే, అంతే సందు ఉండేది. మేము బందరులో ఉన్నప్పుడు వీధిలో వాళ్ళంతా అదృష్టజాతకురాలమ్మా నీ కూతురు అనేవాళ్ళు. ఆ సందులోంచి ఈల వేసి వాళ్ళ నాన్న చేత తిట్లు తినేది. ఆ అదృష్టం సంగతి వదిలేయండి. ఆ నవ్వు మాత్రం నేను మళ్ళీ చూస్తాననుకోలేదు.

"ఏంటమ్మమ్మా, ఏడుస్తున్నావు?" అని నీహారిక అద్దం దగ్గరికి పరుగెత్తింది. అక్కడి నుంచి గోడ మీది సింధూర ఫోటో దగ్గరికి. స్టూలెక్కి ఫోటో అద్దం మీద, వాళ్ళమ్మ పళ్ళ మీద వేలు పెట్టింది. తర్వాత తన పళ్ళ మీద పెట్టుకుంది.

"అమ్మమ్మా, నాకు అమ్మ పళ్ళొచ్చాయి!"

ఇద్దరం ఒకరినొకరం పట్టుకుని ఏడ్చాం, నవ్వాం. కల్పలత తాళంచెవి కడిగి, తుడిచి, డబ్బాలో పెట్టింది. "పండ్లు విడినయంటే దవడ విడుతున్నట్టే. డాక్టరమ్మ ముందే చెప్పింది," అంది. ఇంకేదో చెప్పబోయి, ఫోటో దగ్గర పిల్లను చూసి ఊరుకుంది.

ఆనాటి నుంచి నీహారిక తనంతట తానే వచ్చి నా ఒడిలో తల పెట్టేది. చెయ్యి అడ్డం పెట్టుకోకుండా అందరి ముందూ నవ్వేది. బస్సు డ్రైవరుకు కూడా పళ్ళు చూపించింది. నాకూ తెల్లవారితే అదే ధ్యాస. పిల్ల ఎప్పుడు దిగి వస్తుందా, ఎప్పుడు నవ్వుతుందా అని గుమ్మంలోనే కూర్చునేదాన్ని.

శనివారం ఆసుపత్రికి వెళ్ళాం. డాక్టరు కొలిచి చూసి సంబరపడింది.

"చాలు, ఇగ తిప్పొద్దు. దవడ సరిపోయింది. ఎముక గట్టిపడే దాకా పరికరం కొన్ని నెలలు అట్లనే ఉండాలె. పండ్ల మధ్య సందు చూసి పరేషాన్ గాకుండ్రి, అదే మూసుకపోతది."

నీహారిక మొహంలో నెత్తురు లేదు. నా సంగతీ అంతే.

"మూసుకోకుండా ఉంచలేరా?" అన్నాను.

డాక్టరు వింతగా చూసింది. "అందరు ఎప్పుడు మూసుకుంటదని అడుగుతరు. చిగురు లోపల పండ్లను దారాలతోని కట్టినట్టే ఉంటది అమ్మమ్మగారూ. అవే దగ్గరికి గుంజుకుంటయి."

ఎందుకడిగానో ఆవిడకు చెప్పలేదు. అప్పుడే కల్పలత ఆవిడను పక్కకు పిలిచి ఏదో అడిగింది. డాక్టరు తలూపింది. తర్వాత ముద్దలాంటి మందు కలిపి, రేకులో వేసి, ముందుపళ్ళకు అచ్చు తీసింది. అది గొంతులోకి జారుతున్నట్టుందో ఏమో, నీహారిక భళ్ళున కక్కేసింది.

"తిప్పడం ఆపమన్నాక ఇంకా అచ్చులెందుకు? పిల్లను ఏం చేద్దామనుకుంటున్నావు?" అని అందరి ముందూ కల్పలత మీద అరిచాను. ఆవిడ తల వంచుకుని పిల్ల మూతి తుడిచింది.

పిల్ల అలసిపోయిందని, స్క్రూ కదలకుండా బిగించే పని డాక్టరు సోమవారానికి వాయిదా వేసింది. "అప్పటిదాంక తాళంచెవి ముట్టొద్దు. ఎక్కువ తిప్పితే పై పండ్లు కింది పండ్ల మీద కూసోకుండ బయటికి పోతయి. చేసిన పనంతా ఖరాబైతది," అని గట్టిగా చెప్పింది.

ఆదివారం పొద్దున నీహారిక ఒక్కతే దిగి వచ్చింది. గుప్పిట విప్పి తాళంచెవి చూపించింది.

"నువ్వు తిప్పు అమ్మమ్మా. పిన్నికి చెప్పకు. తిప్పుతూనే ఉంటే మూసుకోదు కదా?"

నేనేమీ అనకముందే నా ఒడిలో పడుకుని నోరు తెరిచింది.

తాళంచెవి తీసుకున్నాను. దాచేదేముంది, నాకూ తిప్పాలనే ఉంది. ఆ సందు మూసుకుపోతే నా కూతురు రెండోసారి పోయినట్టే. మొదటిసారి దేవుడు నన్ను అడిగి తీసుకెళ్ళలేదు. ఇప్పుడు తాళంచెవి నా చేతిలోనే ఉంది. ఒక్క తిప్పుకు ఏమవుతుంది? లైటు వేశాను. తడుముతూ తడుముతూ రంధ్రం మీద పెట్టాను. అందింది.

"నోరు నొప్పెడుతోంది, ఒక్క నిమిషం," అని నీహారిక నోరు మూసుకుంది. నేను చెయ్యి వెనక్కి తీసుకుని, పైనుంచి దాని మొహం చూశాను. ముందురోజు కల్పలత తీసిన పాపిడి ఇంకా చెదరలేదు. పాపిడి, ముక్కు, పెదవి, గడ్డం. ఎక్కడా వంకర లేకుండా అన్నీ ఒక్క గీతలో ఉన్నాయి. పళ్ళు కలిపి ఉన్నా గడ్డం ఎటూ పోలేదు. ఇన్ని రోజులూ నేను పళ్ళే చూశాను, పిల్ల మొహం చూడలేదు.

"కల్పలతా!" అని కేకపెట్టాను. పెళ్ళయి వచ్చాక ఆవిడను పేరు పెట్టి పిలవడం అదే మొదలు.

నీహారిక దిగ్గున లేచింది. "చెప్పొద్దన్నాను కదా! నీకు కూడా అమ్మ వద్దా?" అని నా మోకాలి మీద పిడికిళ్ళతో కొట్టింది. పసిదాని దెబ్బలు. అయినా తట్టుకోలేకపోయాను.

కల్పలత తడి చేతులతో మెట్లు దిగి వచ్చింది. నా చేతిలో తాళంచెవి చూసింది, పిల్లను చూసింది. ఏమంటుందోనని ఎదురుచూశాను. ఏమైనా అంటే పడటానికి సిద్ధంగానే ఉన్నాను. ఆవిడ మళ్ళీ పైకి వెళ్ళి, చిన్న అట్టపెట్టె తెచ్చి నీహారిక ముందు పెట్టి, దూది తొలగించింది.

లోపల తెల్లటి సుద్దతో పోతపోసిన ముందుపళ్ళ వరస. మధ్యలో సందు.

"నిన్న అచ్చు తీసింది గిందుకే బిడ్డా," అంది. "సందు మూసుకపోతదని నాకు ముందే తెల్సు. నీ సంబురం చూసి చెప్పబుద్ధి కాలే. ఉన్నప్పుడే దాన్ని తీసి పెట్టుండ్రని డాక్టరమ్మను అడిగిన. సాయంత్రం పోయి తెచ్చిన. ఫోటో అద్దం మీద వేలు పెట్టి చూస్తవు గదా, అద్దమే తగులుతది. ఇదైతే ముట్టుకోవచ్చు."

నీహారిక చూపుడువేలు ఆ సందులో పెట్టింది. అలాగే పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. నేను దగ్గరికి తీసుకోబోయాను. పిల్ల నా చేతిలోంచి తాళంచెవి తీసుకుని కల్పలతకు ఇచ్చింది. ఇచ్చి, ఆవిడ ఒడిలోనే తల పెట్టుకుంది. ఆవిడ తడి చెయ్యి ఎక్కడ పెట్టాలో తెలియనట్టు గాలిలోనే కాసేపు ఉంచి, చివరికి పిల్ల వీపు మీద ఆనించింది.

ముందురోజు రాత్రిదాకా అయితే అది చూసి నా గుండె మండేది. ఆ పొద్దున మండలేదు. నొప్పెట్టింది, అంతే.

సోమవారం డాక్టరు స్క్రూ బిగించేసింది. ఆ తర్వాత సందు రోజురోజుకూ సన్నబడింది. మొదట నా గోరు పట్టేది, తర్వాత దారం మాత్రమే పట్టేది. ఇప్పుడు ఏమీ పట్టదు. నీహారిక నవ్వితే సింధూర కనిపించదు. గడ్డం చక్కగా, పళ్ళు కుదురుగా ఉన్న ఎవరో కొత్త పిల్ల కనిపిస్తుంది. ఆ పిల్లను నేను ఇప్పుడిప్పుడే చూడటం నేర్చుకుంటున్నాను.

సుద్దపళ్ళు సింధూర ఫోటో కింద చెక్క మీద ఉన్నాయి. ఇవాళ దుమ్ము తుడుస్తూ వాటిని చేతిలోకి తీసుకుని, సందులో గోరు పెట్టి చూశాను. సరిగ్గా పట్టింది. కొంగు నోట్లో కుక్కుకుని కాసేపు ఏడ్చాను. పైన కల్పలత పోపు వేసింది. ఇంగువ వాసన మెట్ల మీదుగా దిగి వచ్చింది. సుద్దపళ్ళను జాగ్రత్తగా చెక్క మీద పెట్టి, కళ్ళు తుడుచుకుని, మెట్ల దగ్గరికి వెళ్ళి కేకవేశాను.

"కల్పలతా, నాకూ ఇంత అన్నం పెట్టు. పైకే వస్తున్నాను."