వదిన నాలుక చెప్పిన మాట

మా రెస్టారెంటులో నేను వంటవాణ్ణి. ఏ వంటకానికి ఏ వైను నప్పుతుందో తేల్చేది మా వదిన. పద్దెనిమిదేళ్లుగా ఆవిడ గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుంటే చాలు, ఏ ద్రాక్షో, పీపాలో ఎన్నాళ్లు ఊరిందో చెప్పేసేది. అలాంటి మనిషికి ఆమధ్య జ్వరం వచ్చి తగ్గాక వాసన తెలియడం పూర్తిగా పోయింది. రెండు నెలలదాకా ఆ సంగతి అన్నయ్యకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు.

ఒక మంగళవారం కొత్త ఫ్రెంచి రెడ్ వైను వచ్చింది. మూడు రకాల ద్రాక్షలు కలిపి చేసినది. శనివారం మధ్యాహ్నం నలభై మందికి విందు. దానితో ఏం వడ్డించాలో సాయంత్రంలోగా చెప్పమంది యజమానురాలు.

వదిన వంటగదిలోకి వచ్చి స్టూలు లాక్కుని కూర్చుంది.

"ముక్కు నువ్వు అరువియ్యి మరిదీ, నోరు నాది."

గ్లాసు తిప్పి వాసన చూశాను. "నల్ల చెర్రీలు, మిరియాలు. ఇంకా... కొత్త చెప్పుల కొట్లోకి వెళ్లినట్టుంది."

"ఆ మాట మీ అన్నయ్య చెవిన వెయ్యకు, తాగడం మానేస్తాడు."

ఆవిడ ఒక గుక్క నోట్లో పోసుకుని కళ్లు మూసుకుంది. "వగరు గట్టిగానే ఉంది, చిగుళ్లు పట్టేసింది. పులుపు మధ్యస్థం. గొంతులో వేడి ఎక్కువ. సీసా కాసేపు చల్లబరచాలి."

నేను వేటమాంసం మూడు రకాలుగా వండి పెట్టాను. పండ్ల రసంతో తియ్యగా చేసినది ఒక ముక్క తిని, వైను తాగి, మొహం చిట్లించింది. "తీపి తగిలేసరికి వైను పుల్లబడిపోయింది." కారం దట్టించినది తిన్నాక నీళ్లు అడిగింది. "మంట మీద మంట." మూడోది నాలుగు గంటలు సన్నని సెగ మీద ఉడికినది, కొవ్వు కరిగి ముక్కకు పట్టింది. దాన్ని నెమ్మదిగా నమిలి, వైను తాగి, మళ్లీ ముక్క తీసుకుంది. "వగరు మెత్తబడింది చూడు. చిటికెడు ఉప్పు వెయ్యి, ఇంకా మెత్తబడుతుంది."

వేశాను. ఆవిడన్నట్టే అయింది. ఇన్నేళ్లూ ఆవిడ గొప్పతనమంతా ముక్కులోనే ఉందనుకున్నాను. ఎంత తక్కువ తెలుసుకున్నానో అప్పుడర్థమైంది.

సాయంత్రం యజమానురాలు రుచి చూసి తలూపింది. "బాగా కుదిరింది. వాసనలో నీకేం తోచింది?"

నేను చెప్పినవే అప్పజెప్పేస్తుందనుకున్నాను. వదిన గ్లాసు బల్ల మీద పెట్టింది.

"నాకు వాసన తెలియట్లేదమ్మా. రెండు నెలలైంది. వాసన మా మరిది చెప్పాడు. మిగతాది నా నాలుక చెప్పింది. ముందే చెప్పాల్సింది, భయపడ్డాను."

యజమానురాలు ఇంకో ముక్క తిని, వైను తాగింది. "వాసన లేకుండానే ఇంత చెప్పావా?" అంది. "శనివారం అతిథుల ముందు నువ్వే మాట్లాడు. ఇద్దరూ కలిసే చేశామని కూడా చెప్పు."

శనివారం ప్లేట్లన్నీ ఖాళీగా తిరిగొచ్చాయి. వదిన తన పరిస్థితి దాచకుండా చెప్పి, నాలుక ఒక్కటే ఏం చెబుతుందో చూడమని అతిథులందరి చేతా ముక్కు మూసుకుని మొదటి గుక్క తాగించింది. పెద్దపెద్దవాళ్లు ముక్కులు పట్టుకుని కూర్చుంటే, వంటగది తలుపు సందులోంచి చూసి నేను నవ్వాపుకోలేకపోయాను.

వదినకు వాసన ఇంకా పూర్తిగా తెలియట్లేదు. ఈమధ్య కాఫీ ఒక్కటీ లీలగా తెలుస్తోందట. వడ్డించేవాళ్లకు వారానికోసారి ఆవిడే వైను రుచుల పాఠం చెబుతోంది. నేనూ వెళ్లి వెనక వరసలో కూర్చుంటున్నాను.