ఏం లేని కాడ సున్న

సకల జనుల సమ్మె మొదలైనంక దేవరుప్పుల పక్క తండాల ధన్‌సింగ్ సారుకు బడి లేదు, ఊరికి కరెంటు లేదు. కరెంటు లేకపోవుడే ఆయనకు పండుగ. చీకట్ల ఆకాశం ఫోటోలు తీసుడు, పొద్దున ఫోటోల మసక మరకలు వెతికి ఎర్ర పెన్నుతోటి సున్నలు చుట్టుడు, అటెన్క తల్లి రామి అద్దాల లంగ ముందట కూసొని సరిచూసుకునుడు. రామి లంగ అద్దాలల్ల రాత్రి చుక్కలు మధ్యాహ్నం దాక ఉంటయ్. ఎప్పటిసందో అంతే. తండాల ఎవ్వలూ పట్టించుకోరు. గిన్నెలు తోముకునేటామెను "జర కదలకే" అంటే మాత్రం తిట్లు పడ్తయ్.

ఆ పొద్దు హెడ్ కానిస్టేబుల్ శ్రీశైలం బండి దిగిండు. చేతుల నల్ల ఫోటో. సున్నలు చుట్టి, నంబర్లేసి, పెద్దగ చెయ్యమని ధన్‌సింగ్ జనగామ స్టూడియోల ఇచ్చిందే. స్టూడియో ఆయనకు అనుమానమొచ్చి పోలీసులకు అప్పజెప్పిండట. ఎంత మంచి మనిషో!

"ఎల్లుండి రైల్ రోకో. ఈ 7331 ఏ రైలు?"

"రైలు కాదన్నా, గెలాక్సీ. చుక్కలన్నిటికీ అవతల ఉంటది."

"నన్ను ఎడ్డోన్ని చెయ్యకు. రైళ్లకు అయిదంకెలొచ్చి ఏడాది కావస్తాంది. తెలివిగ పాత నంబరు రాసినవ్." ఫోటోను ఎండకు పట్టిండు. "ఈడేమన్న ఉన్నదా? ఏం లేని కాడ సున్న ఎందుకు చుడ్తరు? రేపు ఆడ ఏదో పెట్టెటందుకే. కేసైతే నౌకరి పోతది, ఎరుకేనా?"

ఆ తండాల మొదటి సర్కారు నౌకరి అది.

"మరకలు కనవడ్తలేవా కొడుకా? ఇట్ల రా," అని రామి పోలీసాయన ముందట లంగ అంచు పరిచింది.

అద్దాలల్ల చుక్కలున్నందుకు శ్రీశైలం ఏమనలేదు. ఆయన అనుమానం అద్దాల మీద కాదు, మనిషి మీద. వేలు పెట్టి ఒక్కొక్క సున్న పోల్చిండు. ఆరు కలిసినయ్. ఏడో సున్నకు నంబరు లేదు. లంగ మీద దాని జాగల అద్దమూ లేదు, గుండ్రంగ దారాలే మిగిలినయ్.

"దొరికినవ్! ఇదేంది?"

"అది నాకూ అనుమానమే అన్నా. ఏ పుస్తకంల లేదు. లెన్సు మీద దుమ్మేమో."

"ఆ అద్దం మొన్న రాస్తారోకోల రాలింది," అన్నది రామి. "ఆడోళ్లను గుంజి వ్యానుల ఎక్కిచ్చిరి. నన్ను గుంజినోని మొకం జూడలే. బూట్లు జూసిన."

శ్రీశైలం తన బూట్ల దిక్కు చూసిండు. ఆ దినంసంది ఆయన ఎడమ బూటు కిర్రుమంటాంది. ఇసుక పలుకనుకున్నడు. ఇప్పుడు ఆ బూటు ఇప్పకుంటే అడిగెటోడు లేడు. కేసు దాని తొవ్వల అది నడుస్తది.

అయినా మంచం మీద కూసొని బూటిప్పి, బండి తాళంతోటి అడుగు గీకిండు. చిటికెన గోరంత అద్దం ముక్క రాలింది. అండ్ల పాలచుక్క ఒలికినట్టు ఓ మరక. ఫోటో పక్కన పెడితే ఏడో సున్నల ఉన్నదదే. సిగ్గుతోటి ఆయన తల లేవలేదు.

"అవ్వా..." అని దండం పెట్టబోయిండు.

"దండాలొద్దు," అని రామి సూది దారం ఇసిరింది. "కుట్టు."

ఖాకీ బట్టల, ఒంటి బూటుతోటి కింద కూసొని కుట్టిండు. రెండుసార్లు వేలు పొడుసుకున్నడు. రామి గుంజి చూసి, "గట్టిగ లేదు, మల్ల," అన్నది. మల్ల కుట్టిండు.

పోయేటప్పుడు ఫోటో ధన్‌సింగ్ చేతుల పెట్టిండు.

"ఏం దొరకలేదని చెప్త సార్. ఆ ఏడోదానికి నంబరు మాత్రం పెట్టకు. నంబరు చూస్తే రైలనుకొని మావోళ్లు మల్లొస్తరు."