మూత మైనం

మా అత్తగారు పద్మావతమ్మగారికి ముక్కుమీద కోపం. నాకు అంత దూరం కూడా అక్కర్లేదు, నాలిక చివరే ఉంటుంది. ఇలాంటివాళ్లం ఇద్దరం ఒకే ఇంట్లో ఉండటంతో మా ఆయన హర్షవర్ధన్ పెద్ద శాంతమూర్తి అయిపోయాడు. పెళ్లయిన కొత్తలో కాస్త మాట్లాడేవాడు. ఇప్పుడు నవ్వుతో సరిపెడుతున్నాడు.

మా ఇద్దరికీ కోపం రానిది ఒక్క తేనెటీగల మీదే. పామర్రు దగ్గర మా ఊళ్లో, కాలవగట్టు పక్కన కొబ్బరితోటలో పాతిక దాకా తేనెపెట్టెలున్నాయి. మామగారికి తేనె తినడం వరకే తెలుసు. పెట్టెలు అత్తయ్యవి, ఆమె పెంచినవి. నేను విజయవాడలో మూడో అంతస్తు ఇంట్లో పెరిగినదాన్ని, దోమలు తప్ప వేరే రెక్కల ప్రాణిని దగ్గరగా చూసి ఎరగను. ఈ ఊరు వచ్చిన మొదటి ఏడాది నాకేమీ తోచేది కాదు. ఒకరోజు అత్తయ్య పెట్టె తెరిచి, ఈగలు వాలిన చట్రాన్ని నా చేతికిచ్చి, "ఊపిరి గట్టిగా వదలకు, అంతే" అంది. ఆ రోజు నుంచే ఇది నా ఊరైంది. ఇంతకంటే గొప్పగా చెప్పడం నాకు రాదు.

అలాంటి పెట్టెలు ఇచ్చేస్తానని కూర్చుంది మా అత్తగారు.

సంగతేమిటంటే, కిందటి శ్రావణమాసంలో దొడ్లో నాచు పట్టిన చప్టా మీద జారి ఆమె కుడి మణికట్టు విరిగింది. విజయవాడ తీసుకెళ్లి ఆపరేషన్ చేయించాం. ఎముక అతికింది, పట్టు కూడా వచ్చింది. బిందె ఎత్తుతుంది, బట్టలు పిండుతుంది. చెయ్యి తిప్పడం మాత్రం రాదు. తాళంచెవి తిప్పాలన్నా నన్ను పిలవాల్సిందే. పిలవడం ఆమెకు ఇష్టం లేదు కాబట్టి తాళాలు వెయ్యడమే మానేసింది.

తేనె తియ్యడంలో అసలు పని ఆ తిప్పడంలోనే ఉంది. తేనె పక్వానికి వచ్చాక ఈగలు తేనెపట్టులో ప్రతి గదికీ మైనంతో మూత వేసేస్తాయి. చట్రానికి రెండువైపులా ఆ మూతలు తీస్తేగానీ, డ్రమ్ములో పెట్టి తిప్పినా తేనె బయటికి రాదు. అత్తయ్యకు దానికో పొడుగాటి కత్తి ఉంది. వేణ్నీళ్లలో ముంచి, తుడిచి, చట్రాన్ని ఓరగా నిలబెట్టి, కిందినుంచి పైకి మణికట్టు తిప్పుతూ లాగేది. మూతలన్నీ కలిసి పూతరేకులా ఒకే పొరగా ఊడి వచ్చేవి. ఆ విద్య నాకు అబ్బలేదు. నేను కోస్తే మూతలతో పాటు గదులూ, వాటితో పాటు ఆమె సహనమూ తెగేవి.

"ఈసారి తేనె తీసేరోజు ఒక్క ఫ్రేము, రెండువైపులా, నా చేత్తో మూత కోస్తే పెట్టెలు మనింట్లో ఉంటాయి. కొయ్యలేకపోతే హనుమాన్ జంక్షన్‌లో తేనెపెట్టెల వ్యాపారం చేసే నానికి ఇచ్చేద్దాం. ఎప్పట్నుంచో అడుగుతున్నాడు. చేతులు కట్టుకుని చూసేదానికి నాకెందుకు తేనెటీగలు?" అంది, నువ్వుచేలు పూతకొచ్చిన రోజుల్లో.

"నేను కోస్తాను కదా అత్తయ్యా" అన్నాను.

"నువ్వు కొయ్యడం చూసే చెప్తున్నాను" అంది.

నాకు ఒళ్లు మండింది. అయినా పౌరుషానికి పోయి ఊరుకోలేదు. కత్తి కాకపోతే ఇంకోటి. ఆమె చేతికి ఒదిగే పనిముట్టు ఏదో ఒకటి ఈ లోకంలో ఉండకపోదని ఆన్‌లైన్‌లో వెతికి, ముళ్ల రోలరొకటి, దువ్వెన లాంటి ముళ్ల ఫోర్కొకటి తెప్పించాను. మా ఆయన విజయవాడ వన్ టౌన్‌లో ఎలక్ట్రికల్ సామాన్ల షాపులో మేనేజరు. ప్లగ్గు లేని వస్తువంటే ఆయనకి గౌరవం లేదు. ఆయన వేడిగాలి గన్ను తెచ్చాడు, పెయింటు వలవడానికి వాడేది.

తేనె తీసేరోజు వచ్చింది. పక్కగది తలుపులూ కిటికీలూ మూసి, డ్రమ్ము కడిగి ఆరబెట్టి, చట్రాలు లోపలికి తెచ్చాం. బయట ఈగలు కిటికీ మెష్ మీద వాలి తమ సొత్తు ఏమవుతోందో చూస్తున్నాయి. మా ఆయన బల్లమీద పనిముట్లన్నీ వరసగా పేర్చి, ఫోన్‌లో వీడియో పెట్టి, "ఇప్పుడు పరీక్ష మొదలవుతుందండీ" అన్నాడు ఎవరితోనో.

ముందు కత్తి. అత్తయ్య కుడిచేత్తో పట్టుకుని రెండంగుళాలు లాగిందో లేదో కత్తి గదుల్లోకి దిగిపోయింది. ఎడమచేత్తో ప్రయత్నిస్తే చట్రమే జారబోయింది. కత్తిని వేణ్నీళ్ల గిన్నెలో పడేసింది.

తరవాత నా రోలరు. అది మూతల్ని తియ్యదు, చిల్లులు పెడుతుంది. తిప్పక్కర్లేదు, దొర్లిస్తే చాలు. మొదట బానే పోయింది. కాసేపటికి ముళ్ల మధ్య మైనం కూరుకుపోయి, దొర్లడం మానేసి ఈడ్చడం మొదలెట్టింది. చట్రం చూస్తే ఆటలమ్మ పోసినట్టుంది.

"ఇది మూత తియ్యడమా, కక్ష తీర్చుకోవడమా?" అంది అత్తయ్య.

ఫోర్కు మంచిదే. గుంటగా ఉన్న చోట కత్తి అందని మూతల్ని భలేగా లేపుతుంది. కానీ లేపడానికి కూడా మణికట్టు తిరగాలి. దాన్ని నేను తీసుకున్నాను.

ఆఖరికి గన్ను. మా ఆయన కాలర్ సర్దుకుని స్విచ్ వేశాడు. అబద్ధం ఎందుకు, నేనే నోరు తెరిచాను. వేడిగాలి అలా తగలగానే తెల్లని మూత కరిగి గది అంచుల్లోకి తప్పుకుంది. కింద తేనె నిగనిగా మెరిసింది. అత్తయ్య ఎడమచేత్తో పట్టుకుని చట్రం రెండువైపులా పూర్తి చేసింది. కొయ్యడం లేదు, తిప్పడం లేదు, నొప్పి లేదు.

"అయిపోయింది! పెట్టెలు మనవే!" అని నేను గెంతబోతుంటే తలుపు తీసుకుని సుబ్బరత్నం పిన్నిగారు వచ్చింది. ఎదురింటావిడ, అత్తయ్యకు ప్రాణస్నేహితురాలు. చేతిలో కొయ్య భరిణ.

ఆ భరిణ సంగతి చెప్పాలి. మూతల మైనం కరిగించి, గుడ్డలో వడకట్టి, చుక్క కొబ్బరినూనె కలిపితే వెన్నలా అవుతుంది. నుదుట అది రాసి పైన కుంకుమ అద్దితే సాయంత్రం దాకా బొట్టు చెదరదు. తేనె తీసేరోజు మా వీధి ఆడవాళ్లు భరిణలు పట్టుకుని వస్తారు. వాళ్లకి తేనె కన్నా ఆ కొత్త మైనం మీదే ఆశ. నా స్టిక్కర్ బొట్టును మాత్రం అత్తయ్య ఎప్పుడూ, "అది బొట్టు కాదు, అతుకు" అంటుంది.

"ఏది వదినా మూత మైనం?" అంది పిన్నిగారు, మూతలు పడే పళ్లెం వెతుక్కుంటూ.

పళ్లెంలో ఏమీ లేదు. కరిగిన మైనమంతా చట్రంలోనే ఉండిపోయింది కదా. అత్తయ్య ఖాళీ పళ్లెం వంక చూసి గన్ను కింద పెట్టేసింది.

"ఇది లెక్కలోకి రాదు. నేను కోస్తానన్నాను. ఇది కొయ్యడం కాదు, మాయం చెయ్యడం" అంది. తరవాత నెమ్మదిగా, "నానికి ఫోన్ చెయ్యరా హర్షా. సాయంత్రం వ్యాన్ తెచ్చుకోమను" అంది.

ఆ నెమ్మదికి నాకు భయం వేసింది. ఇన్నాళ్లూ ఆమె కసిరితే కసిరాను, అరిస్తే అరిచాను. నెమ్మదిగా మాట్లాడే అత్తగారితో ఏం చెయ్యాలో నాకు తెలీదు. మా ఆయన ఫోన్ తీశాడు. నేను కళ్లలో నీళ్లు కనపడకుండా విసవిసా వంటింట్లోకి పోయి, కత్తిపీట లాక్కుని, బీరకాయల మీద నా కోపమంతా చూపించాను.

కాసేపటికి అత్తయ్య వచ్చి నా వెనక నిలబడింది.

"పప్పులోకి కోస్తున్నావా, పశువులకి కోస్తున్నావా? లే" అంది.

లేచాను. ఆమె కూర్చుని, పీట మీద కాలు ఆనించి, రెండు చేతులా బీరకాయ పట్టుకుంది. కత్తి నిటారుగా కదలకుండా నిలబడి ఉంది. కాయ దానిలోకి వెళ్లి ముక్కలై రాలుతోంది. టకటకా కోసేస్తోంది, ఆపరేషన్ అయిన ఆ మణికట్టుతోనే. ఇన్నాళ్లూ రోజూ కోస్తూనే ఉంది. నేను రోజూ చూస్తూనే ఉన్నాను.

"అత్తయ్యా!" అని అరిచాను. ఆమె ఉలిక్కిపడి కాయ వదిలేసింది. "చెయ్యి తిప్పట్లేదు మీరు! కత్తి కదలట్లేదు, కాయ కదులుతోంది! ఫ్రేము కూడా ఇలాగే కొయ్యొచ్చుగా!"

అత్తయ్య కత్తి వంక చూసింది, చేతి వంక చూసింది. "పప్పు స్టవ్ మీద ఉంది, చూసుకో" అంది. కానీ లేచేటప్పుడు ఆమె మొహంలో నెమ్మది పోయింది. నాకు ప్రాణం లేచి వచ్చింది.

కత్తిపీట గబగబా తోమి దొడ్లో ఎండలో ఆనించాను. తేనెలో తడి తగలకూడదు. పప్పు దించి వచ్చేలోపు మా ఆయన ఉత్సాహం ఆపుకోలేక కత్తిపీటను పక్కగదిలోకి తీసుకుపోయాడు. నేను వెళ్లేసరికి అత్తయ్య పీట ముందు కూర్చుని, చట్రాన్ని నిలువుగా, ముఖం కత్తికి సమంగా ఉండేలా పట్టుకుని ముందుకి తోస్తోంది. కత్తి చట్రానికి సగం ఎత్తే ఉంది. అందుకని కింది సగం ఒకసారి తోసి, తలకిందులు చేసి తక్కిన సగం తోసింది. మూతలు పొరలుగా చుట్టుకుంటూ పళ్లెంలో పడుతున్నాయి. మా ఆయన వీడియో తియ్యడం కూడా మర్చిపోయాడు.

"ఇదీ మైనం అంటే!" అని సుబ్బరత్నం పిన్నిగారు ఒక పొర తీసి కళ్లకద్దుకోబోయి, ముక్కు దగ్గరే ఆగిపోయింది. "వదినా, ఇది శీలావతి చేప వాసనొస్తోందేవిటి?"

నేను పీట చెక్క చూశాను. దొడ్లో గోడకి ఆనించిన కత్తిపీటలు రెండు. ఒకటి కూరగాయలది, నేను తోమింది. రెండోది చేపలది, ఎప్పుడూ అక్కడే ఉండేది. పుట్టిన దగ్గర్నుంచీ ఏ కత్తిపీట ముందూ కూర్చోని మా ఆయన దగ్గర్లో ఉన్నది తెచ్చాడు.

"రెండూ ఒకేలా ఉన్నాయి కదే సింధూరీ!" అన్నాడు.

"ఒకేలా ఉన్నాయా? మొహాన బొట్టు కింద పెట్టుకునే మైనం రా అది! ఊరందరి నుదుటా చేపల పులుసు పూయించేవాడివి!" అని అత్తయ్య లేచింది. పిన్నిగారు కొంగు నోట్లో కుక్కుకుని గోడకి చేరబడి నవ్వుతోంది. నేనూ నవ్వు ఆపుకోలేకపోయాను. ఆఖరికి అత్తయ్యకి కూడా నవ్వాపుకోలేక మూతి వంకరపోయింది. ఆ చట్రం తేనెంతా మా ఆయనే తినాలని తీర్పు చెప్పింది. నిమ్మకాయ పిండుకుంటానన్నాడు మహానుభావుడు.

నవ్వులు సర్దుకున్నాక అత్తయ్య మణికట్టు రుద్దుకుంటూ, "ఇదీ లెక్కలోకి రాదు" అంది.

నేను అసలు కత్తిపీట తెచ్చి పొడిగుడ్డతో తుడిచి, ఇంకో చట్రం ఇచ్చాను. మొదటివైపు తేలిగ్గానే అయింది. రెండోవైపు సగం అయింది. ఆఖరి సగానికి చట్రాన్ని తిప్పి ఎత్తేసరికి అది ఓ పక్కకి ఒరిగిపోయింది. పొద్దుటినుంచీ పని మీద ఉన్న చెయ్యి. కళ్లు మూసుకుని పళ్లు బిగపట్టింది. నా చేతులు వాటంతటవే ముందుకెళ్లి చట్రం అంచు పట్టుకున్నాయి.

"చెయ్యి తియ్యి" అంది.

తీశాను. అంత కష్టమైన పని నేను ఈ ఇంట్లో ఎప్పుడూ చెయ్యలేదు.

ఆమె చట్రాన్ని ఒళ్లో దించి, ఊపిరి నిదానంగా వదిలి, కాలు సర్దుకుని మళ్లీ ఎత్తింది. తోసింది. మధ్యలో ఒకసారి ఆగింది. మళ్లీ తోసింది. ఆఖరి పొర కత్తిమీంచి ఊడి పళ్లెంలో పడింది. అక్కడక్కడా గుంటల్లో మిగిలిన మూతల్ని చూసి, "నీ ఫోర్కేదీ? ఇవి నువ్వు తియ్యి. గదులు చెడకుండా" అంది. నేను కిందే కూర్చుని తీశాను. కళ్లు మసకబారి సరిగ్గా కనపడలేదు కానీ ఒక్క గది కూడా చెడలేదు.

మధ్యాన్నానికి గిన్నెలో మైనం కరుగుతోంది. సుబ్బరత్నం పిన్నిగారి భరిణ నిండింది. మిగతా చట్రాల్లో అత్తయ్య చెయ్యి ఓర్చినన్ని ఆమె కోసింది. తక్కినవాటికి ఆమె చూస్తుండగా కత్తిపీట ముందు నేను కూర్చున్నాను. ఆ పొడుగు కత్తితో జన్మలో రాని పని దీంతో నాకూ వచ్చింది. గన్ను కూడా వృథా పోలేదు, సీసా మూతల మీద ప్లాస్టిక్కు బిగించడానికి భేషుగ్గా పనికొచ్చింది. ప్లగ్గుకి పని దొరికిందని మా ఆయన సంతోషించాడు.

సాయంత్రం అత్తయ్య నన్ను పిలిచి, నా నుదుటి మీది స్టిక్కర్ గోటితో పీకేసి, వేలికొసతో గోరువెచ్చని మైనం రాసి కుంకుమ అద్దింది. కుడిచేత్తోనే. చెయ్యి సరిగ్గా తిరగక బొట్టు కాస్త పక్కకి పోయింది. నేను సర్దుకోలేదు.

అప్పుడే వీధిలో హారన్ మోగింది. నాని వ్యాన్ వేసుకుని వచ్చేశాడు. గొడవలో పడి మా ఆయన అతనికి మళ్లీ ఫోన్ చేసి రావద్దని చెప్పడం మరిచిపోయాడు. నాని లోపలికి వస్తూనే, "పెట్టెలు ఎక్కించమంటారా పద్మావతమ్మగారూ?" అన్నాడు.

"ఎక్కించడానికి కాదు నాయనా, దించడానికి రావాల్సింది" అంది అత్తయ్య, తేనె చేతులు కొంగుకి తుడుచుకుంటూ. "నీ దగ్గర అమ్మేవి ఓ నాలుగు పెట్టెలుంటే చెప్పు. మా ఇంట్లో ఇప్పుడు కోసేవాళ్లం ఇద్దరం."